పాల బండికి మోటారు: వాట్లు ఒక్కటే చాలవు, లాగుడు చూడాలి

పాల క్యాన్లను సంఘం నుండి శీతలీకరణ కేంద్రానికి చేర్చడానికి బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి కొనాలనే ఆలోచన మంచిదే. అయితే తీర్మానాల పుస్తకంలో "వెయ్యి వాట్ల మోటారు గల బండి కొనుటకు తీర్మానించడమైనది" అని వ్రాసి ఊరుకుంటే చాలదు. వెయ్యి వాట్ల బండ్లు రెండు తెస్తే, ఒకటి చెరువుకట్ట ఎక్కవచ్చు, రెండవది సగంలో నిలిచిపోవచ్చు. తేడా మోటారులో కాదు, గేరులో ఉంటుంది. కట్టమీద బండి నిలిచి పాలు పులిసిపోతే, ఆ నష్టం బండి నడిపేవానిది కాదు. ఆ పూట పాలు పోసిన ప్రతి సభ్యునిది. కనుక ఈ లెక్క పాలకవర్గానికే కాక సభ్యులందరికీ తెలియాలి.

1. మొదట బరువు

40 లీటర్ల క్యాన్లు ఆరు అనుకుందాము. 240 లీటర్ల పాలు సుమారు 247 కిలోలు తూగుతాయి. క్యాన్లతో కలిపి 300 కిలోలు. బండి, బ్యాటరీలు 130, నడిపే మనిషి 70 కిలోలు అనుకుంటే మొత్తం 500 కిలోలు. సరుకుల ఈ-కార్టులో 310 కిలోలకు మించి వేయరాదనీ, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటరాదనీ 2014లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో చేర్చారు. ఏడవ క్యాను ఎక్కించే ఆలోచన మొదటే మానుకోవాలి.

2. లాగుడు ఎంత కావాలి?

చదునైన గట్టి బాటపై బండి దొర్లడానికి మొత్తం బరువులో నూటికి 2 వంతుల లాగుడు సుమారుగా సరిపోతుంది. అంటే 500 కిలోలకు 10 కిలోలు. ఇసుకలో, బురదలో ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది. నిండు బండికి స్ప్రింగు త్రాసు తగిలించి మెల్లగా, ఒకే తీరుగా లాగితే మీ బాటకు ఎంత కావాలో ముల్లే చూపుతుంది.

ఏటవాలుకు వేరే లెక్క. 20 మీటర్ల బాటలో 1 మీటరు ఎత్తు పెరిగితే, బరువులో 20వ వంతు, అంటే 25 కిలోలు అదనం, మొత్తం 35. 10 మీటర్లకు 1 మీటరు పెరిగితే 50 అదనం. మొత్తం 60 కిలోలు.

ఏటవాలు కొలవడం సులభం. మీటరు పొడవు బద్దను బాట వెంట పెట్టి, దానిపై తాపీమేస్త్రీ రసమట్టం ఉంచండి. మట్టం కుదిరేవరకు పల్లపు కొనను పైకెత్తి, ఆ కొన క్రింద ఖాళీని కొలవండి. 5 సెంటీమీటర్లు వస్తే 20కి 1, పది వస్తే 10కి 1. బాటలో అన్నిటికంటే నిటారైన చోటనే కొలవాలి.

3. వాట్లు, వేగం

లాగుడు కిలోలను గంటకు కిలోమీటర్ల వేగంతో హెచ్చించి, మరల 2.7తో హెచ్చిస్తే చక్రం వద్ద కావలసిన వాట్లు వస్తాయి. వెయ్యి వాట్ల మోటారు శక్తిలో పదవ వంతు గేర్లలో పోతుందనుకుంటే, చక్రానికి చేరేవి 900. దానితో 13 కిలోల లాగుడును 25 కిలోమీటర్ల వేగంతో, 35 కిలోలను తొమ్మిదిన్నర వేగంతో, 60 కిలోలను అయిదున్నర వేగంతో లాగవచ్చు. అంటే శక్తి చాలుతుంది. నెమ్మదిగా పోవాలి, అంతే. అయితే అలా నెమ్మదిగా పోతూ అంత బలం ఇవ్వడం గేరు ఉంటేనే సాధ్యం.

4. గేరు చేసే పని

మన మోటారు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుందనీ, చక్రం అడ్డుకొలత 45 సెంటీమీటర్లనీ అనుకుందాము. మోటారు 10 చుట్లకు చక్రం ఒక చుట్టు తిరిగితే వేగం 25, లాగుడు 13 కిలోలు. 20 చుట్లకు ఒకటి అయితే వేగం పన్నెండున్నర, లాగుడు 26 కిలోలు. వేగం ఎంత తగ్గితే లాగుడు అంత పెరుగుతుంది.

పదికి ఒకటి గేరుతో 20కి 1 ఏటవాలు ఎక్కాలంటే మోటారు తన శక్తికి 2.7 రెట్లు బలం ఇవ్వాలి. కరెంటు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. తీగల వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది 7 రెట్లు అవుతుంది. భారం మించిన పంపుసెట్టు మోటారు ఎలా కాలిపోతుందో రైతులకు మేము చెప్పనక్కరలేదు, ఇదీ అంతే. ఇరవైకి ఒకటి గేరుతో అదే ఏటవాలుకు కావలసిన బలం ఒకటిన్నర రెట్లకు లోపే. కొద్దిసేపు మోటారు దానిని ఓర్చుకుంటుంది.

10కి 1 ఏటవాలు ఉన్న బాటకు మాత్రం 2,000 వాట్ల మోటారు, ఇరవైకి ఒకటి గేరు చూడాలి. లేదా ఆ చోట క్యాన్లను రెండు విడతలుగా దాటించాలి.

చక్రం పెద్దదైతే బండి బాగా లాగుతుందనుకోవడం పొరపాటు. అదే మోటారుకు, అదే గేరుకు 70 సెంటీమీటర్ల చక్రం వేస్తే 26 కిలోల లాగుడు 17కు పడిపోతుంది. సైకిళ్ళకు చేసిన, చక్రం బొడ్డులోనే అమర్చిన చిన్న మోటార్లు అర టన్ను బండికి పనికిరావు.

5. ఆలస్యం భయం

"నెమ్మది బండి అయితే పాలు చెడవా?" అని కొందరు అడుగుతారు. 6 కిలోమీటర్ల బాటకు 25 వేగంతో పావుగంట, పన్నెండున్నర వేగంతో అరగంట పడుతుంది. ఆ పావుగంట తేడాను పాలు పోయడం పావుగంట ముందు ముగించి సరిచేసుకోవచ్చు. కట్టమీద నిలిచిన బండికి ఏ సర్దుబాటూ లేదు.

6. డబ్బు చెల్లించే ముందు

ఆరు క్యాన్లలో నీళ్ళు నింపి మీ బాటలోనే బండిని నడిపించండి. ఏటవాలు నడుమ ఆపి, మరల కదిలించండి. ఇలా మూడుసార్లు చేయాలి. కదలనని మొరాయించినా, మోటారు నుండి కాలిన వాసన వచ్చినా ఆ బండి వద్దు. దిగేటప్పుడు బ్రేకులు కూడా చూడాలి. ఎక్కగలిగి ఆగలేని బండి మరీ ప్రమాదం.

తీర్మానం ఇలా వ్రాసుకోవచ్చు: "నిండు బండి బరువు ... కిలోలు, బాటలో మిక్కిలి ఏటవాలు ...కి 1, చక్రం అడ్డుకొలత ... సెం.మీ.గా కొలిచి, ... వాట్ల మోటారు, ...కి ఒకటి గేరు గల బండిని, సంఘం బాటపై నిండు బరువుతో పరీక్షించిన పిమ్మట కొనుటకు తీర్మానించడమైనది."

ఈ ఖాళీలను అమ్మేవారు కాక, సంఘం సభ్యులే కొలిచి నింపాలి. ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు మేము బండి ధరకంటే ముందు ఈ అంకెలనే చూస్తాము.