హెపటైటిస్ టీకా: రక్తం నుండి ఈస్ట్ వరకు

కళ్లు పచ్చబడగానే పసరు మందు కోసం బయలుదేరడం మీరు చూసే ఉంటారు. కామెర్లు ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ వైరస్ ఉండవచ్చు. ఎ, ఇ రకాలు ముఖ్యంగా కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. బి, సి, డి రకాలు రక్తం ద్వారా సోకుతాయి. శుభ్రం చేయని పచ్చబొట్టు సూది కూడా అందుకు చాలు.

బి రకానికి 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకాను ఎలా చేశారో తెలుసా? వైరస్ ఉన్నవారి రక్తం నుండే! దాని పైపొరలోని ప్రోటీనును వేరుచేసి, శుద్ధి చేసేవారు. ఖర్చు ఎక్కువ, రక్తమంటే జనానికి భయం కూడా.

తరువాత శాస్త్రజ్ఞులు కొత్త దారి పట్టారు. ఆ ప్రోటీనును తయారుచేసే జన్యువును ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టారు. (రొట్టె పిండిని పొంగించేది కూడా ఒక రకం ఈస్టే.) ఈస్ట్ పెద్ద తొట్లలో పెరుగుతూ ఆ ప్రోటీనును తయారుచేస్తుంది. ఇందులో వైరస్ ఉండదు కనుక టీకా వల్ల వ్యాధి రాదు. శరీరం మాత్రం వైరస్ పైపొరను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

మన దేశంలో ఇటువంటి టీకాను మొదట తయారుచేసింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. స్థాపకుడు వరప్రసాద్ రెడ్డి వైద్యుడు కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు! 1997లో విడుదలైన ఈ 'శాన్‌వాక్-బి' వచ్చాక, దిగుమతి టీకాను కొనలేని కుటుంబాలకూ టీకా అందుబాటులోకి వచ్చింది.

ఇప్పుడు ప్రభుత్వం దీనిని ఉచితంగా వేస్తోంది. పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలో భాగంగా మిగిలినవి. ఇంత తొందర ఎందుకు? తల్లికి వైరస్ ఉంటే ప్రసవ సమయంలో బిడ్డకు సోకవచ్చు. అలా సోకిన పసిబిడ్డలలో నూటికి సుమారు 90 మందికి అది దీర్ఘవ్యాధిగా మారుతుంది. పెద్దయ్యాక కాలేయ క్యాన్సరు రావచ్చు. బస్తర్‌లో కొంటా, భోపాలపట్నం వైపు అడవి పల్లెలో ఇంట్లోనే కాన్పు జరిగితే, అదే రోజు మితానిన్‌కు కబురు పంపాలి.

సి రకానికి ఇంకా టీకా లేదు. ఆ వైరస్ తన పైపొరను తరచు మార్చుకుంటుంది. అయితే మాత్రలతో ఎక్కువ మందికి నయమవుతోంది. డి రకం, బి ఉన్నవారికే సోకుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు
1. ఈస్ట్‌తో చేసిన టీకా వల్ల హెపటైటిస్ బి ఎందుకు రాదు?
2. బి టీకా వేయించుకున్నవారికి డి రకం నుండి కూడా రక్షణ ఎలా లభిస్తుంది?