మందిరపు మాదిరి

పాఠ్యభాగము: 1 రాజులు 6:1–10, 7:15, 2 దినవృత్తాంతములు 3:3–15, యెహెజ్కేలు 43:10–11

గత వేసవిలో మా సండేస్కూలు పిల్లలను చంద్రగిరి కోటకు తీసికొని వెళ్లితిమి. రాజమహలులోని పురావస్తు ప్రదర్శనశాలలో శిల్పములను వారు త్వరత్వరగా చూచి దాటిపోయిరి గాని, కోట నమూనా యొద్దనుండి మాత్రము కదలలేదు. ‘అయ్యగారూ, మనం వచ్చిన దోవ ఇదేనా?’ అని ఒక చిన్నవాడు వేలు చూపెను.

ఇల్లు చేరిన పిమ్మట సంఘపెద్ద యొకరు, ‘బొమ్మలు చూపించేదానికా పిల్లోళ్లను అంత దూరం పిల్చుకపోయినారు?’ అనిరి. ఆయనకు జవాబుగానే ఈ పాఠము వ్రాయుచున్నాము.

లేఖనములలో మాదిరి అనునది అల్పమైన సంగతి కాదు. మోషేకు కొండమీద గుడారపు మాదిరి చూపబడెను. దావీదు మందిరపు మాదిరిని సొలొమోనునకు అప్పగించెను. యెహెజ్కేలు దర్శనము చూచునాటికి యెరూషలేము పడిపోయి పదునాలుగు సంవత్సరములైనది. అట్టి దినములలో, కొలతలు ప్రజలకు తెలుపుమని అతనికి ఆజ్ఞ కలిగెను.

హేరోదు కట్టించిన మందిరము క్రీ.శ. 70లో రోమా సైన్యముచేత నాశనమాయెను. ఆ కాలపు యెరూషలేము నమూనా యొకటి నేడు అక్కడి ఇశ్రాయేలు మ్యూజియములో నున్నది. దీనిని కట్టించినది హాన్స్ క్రోఖ్ అను హోటలు యజమానుడు. ఆయన కుమారుడు 1948 యుద్ధములో చనిపోగా, అతని జ్ఞాపకార్థము ఈ పని పెట్టుకొనెను. ఆచార్యుడైన మైకేల్ అవి-యోనా జోసీఫసు వ్రాతలను, యూదుల మిష్నాను పరిశీలించి 1966 నాటికి దీనిని ముగించెను. ఏబదింట ఒక వంతు కొలత గనుక, మనిషి అందులో అంగుళమునకు కొంచెము మించి యుండును. చిత్రమేమనగా, అప్పుడు పాత పట్టణము యొర్దాను రాజ్యపు చేతిలో నుండెను. మందిరస్థలము అదే ఊరిలో నున్నను ఆయన అచ్చటికి వెళ్లుటకు వీలులేదు! 1967 తరువాత త్రవ్వకములలో క్రొత్త సంగతులు బయటపడగా నమూనాలో కొన్ని భాగములను దిద్దిరి. 2006లో దానిని హోటలు ఆవరణనుండి మ్యూజియమునకు తరలించిరి.

చదువువాడు దాటిపోవు వచనమును నమూనా చేయువాడు దాటలేడు. ఇది మేము పిల్లలవలన నేర్చుకొంటిమి. సొలొమోను మందిరము 60 మూరల పొడవు, 20 వెడల్పు, 30 ఎత్తు. మూరకు అర అంగుళము చొప్పున అట్టలు కోసితిమి: 30, 10, 15 అంగుళములు. ఇంతవరకు సులువే. మంటపము ఎత్తు రాజుల గ్రంథములో లేదు. దినవృత్తాంతములలో 120 మూరలని యున్నది. అనగా 60 అంగుళములు! పిల్లలు కాగితపు చుట్టను నిలబెట్టగా అది వారి తలలు దాటెను, అందరును నవ్విరి. కొన్ని గ్రీకు, సిరియా ప్రతులలో 20 మూరలే యున్నదని చెప్పి, పది అంగుళములకు కోయించితిమి. స్తంభములకును చిక్కు వచ్చెను: ఒకచోట 18 మూరలు, వేరొకచోట 35. రెండింటి పొడవు కలిపి చెప్పిరని కొందరు పండితుల తలంపు. మేము 18 తీసికొని, రెండు వచనములను అట్ట వెనుక వ్రాయించితిమి. కొలత తెలియని చోట తెలిసినట్లు నటించరాదు.

మన రాష్ట్రములోనే నాగార్జునకొండ యున్నది. సాగరము నీరు ముంచబోవుచున్నదని 1954 మొదలు 1960 వరకు ఆ లోయను త్రవ్విరి. కొన్ని కట్టడములను ఎత్తుచోట్లకు మార్చి తిరిగి కట్టిరి. మునిగిపోయిన లోయ యంతయు ఎట్లుండెనో ద్వీపము మీది మ్యూజియములోని నమూనా చూపుచున్నది.

ఈ సంగతి ఆదివారము చెప్పినప్పుడు ఆ పెద్ద ఏమియు పలుకలేదు. మా ఊరి పెంకుటి ప్రార్థనమందిరమును కోతల తరువాత పడగొట్టి క్రొత్తది కట్టవలెనని సంఘము తీర్మానించుకొన్నది. చిన్ననాడు తన తండ్రితోకూడ దాని గోడలకు రాళ్లు మోసినవాడాయన. సోమవారము తెల్లవారకమునుపే మేస్త్రీ టేపు తీసికొని వచ్చి, ‘పడగొట్టకముందే పిల్లోళ్లతో దీన్ని కూడా చేయించండి అయ్యగారూ’ అనిరి. గోడ మందము రెండడుగులు వచ్చినది. దూలముల ఎత్తు కొలుచుటకు నిచ్చెన కావలెను. శనివారము తెచ్చెదమని యువకులు చెప్పియున్నారు.