మండువేసవిలో గేమింగ్ ల్యాప్‌టాప్: దానిని పరీక్షించు విధము

గడచిన ఏప్రిల్ మాసమున, ఒంటిపూట బడులు జరుగుచున్న దినములలో, ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఆయన చేవెళ్ళకు సమీపమున గులాబీలు పండించి నగరమునకు పంపు రైతు. కుమారుడు పదవ తరగతి పరీక్షలు అప్పుడే ముగించినవాడు. తనకు ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ కావలెనని పట్టుపట్టి యుండెను. ఆటలకు మాత్రమే గాదనియు, బ్లెండర్ అను ఉచిత సాఫ్ట్‌వేర్‌తో త్రీడీ బొమ్మలు చేయ నేర్చెదననియు వాడు చెప్పెను. ఆ మాటలో సగమైనను నిజమని నేను నమ్మితిని. వెల రెండు లక్షలకు పైమాట. తండ్రి మెల్లగా, "సారూ, ఒక పంట పైసలన్నీ దీనికే పోతున్నయి. మంచిదో కాదో మీరు చూసి చెప్పాలె" అనెను.

పిల్లవాని చేతిలోని ప్రకటన కాగితము నిండ అంకెలే. వానిలో ఒక్కటియు చేవెళ్ళలో, ఏప్రిల్ మాసపు మిట్టమధ్యాహ్నమున, ఏ.సి. లేని గదిలో కొలిచినది కాదు. అందుచేత మనమే కొలిచి చూతమని నిశ్చయించితిమి. ఆ కొలతలను గూర్చియే ఈ పాఠము.

మొదట పేరును గూర్చి ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్పునకును, పెద్ద కంప్యూటర్‌లోని కార్డునకును ఒకే పేరు పెట్టుట వాడుక. 2025వ సంవత్సరమున వచ్చిన ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 5090ని చూడుడు. పెద్ద కంప్యూటర్ కార్డులో 21,760 కోర్లును, 32 జీబీ జ్ఞాపకశక్తియు కలవు; అది 575 వాట్ల వఱకు విద్యుత్తు తీసికొనును. అదే సంఖ్య గల ల్యాప్‌టాప్ చిప్పులో కోర్లు 10,496, అనగా సగముకంటె తక్కువ. జ్ఞాపకశక్తి 24 జీబీ. ఇందు మోసమేమియు లేదు, అన్నియు ప్రకటించిన సంగతులే. కాని పేరును మాత్రమే చదువువాడు మోసపోవును.

ల్యాప్‌టాప్ చిప్పునకు మఱియొక చిక్కు కలదు. ఒకే చిప్పును ఒక కంపెనీవారు పలుచని పెట్టెలో ఇఱికించి తక్కువ వాట్లకును, మఱియొక కంపెనీవారు మందమైన పెట్టెలో అమర్చి ఎక్కువ వాట్లకును విడిచెదరు. కనుక కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న, చిప్పు పేరేమి అని కాదు, దానికి ఎన్ని వాట్లు ఇచ్చినారు అని. తీసికొన్న వాట్లన్నియు తుదకు వేడిగా మాఱును. ఆ వేడిని బయటికి పంపగలిగినంతసేపే యంత్రము తన వేగమును నిలుపుకొనును. ఈ విషయము భౌతికశాస్త్రము చదివిన మన తొమ్మిదవ తరగతి పిల్లలకును తెలిసినదే; ప్రకటన కాగితములలో మాత్రము కనబడదు.

ఇక మా పరీక్ష. పిల్లవాడు కోరిన ల్యాప్‌టాప్ వంటిదే మన పూర్వ విద్యార్థి ఒకనియొద్ద నుండెను. అతడు మొయినాబాదు ప్రాంతమున ఇంజనీరింగు చదువుచు, అచ్చటనే గది తీసికొని యున్నాడు. యంత్రము పేరు ఇచ్చట వ్రాయను. దోషము పేరులో లేదు. ఒక శనివారము ఉదయమున మొయినాబాదులోని ఆ గదిలో ఏ.సి. వేసి మొదటి పరీక్ష జరిపితిమి. అదేరోజు మధ్యాహ్నము రెండు గంటలకు యంత్రమును చేవెళ్ళకు తెచ్చి, మన సైన్సు గదిలో కిటికీలు తెఱచి రెండవ పరీక్ష చేసితిమి. బల్లపై గది ఉష్ణమాపకమును, ప్రక్కన నోటుపుస్తకమును ఉంచితిమి. వేడిమిని, వాట్లను చూపుటకు హెచ్‌డబ్ల్యుఇన్ఫో అను ఉచిత ప్రోగ్రాము చాలును. వేగమునకు త్రీడీమార్క్ వారి స్ట్రెస్ పరీక్షను వాడితిమి. అది ఒకే దృశ్యమును వరుసగా 20 మాఱులు నడిపి, అన్నిటికంటె మంచి ఆవృత్తికిని, అన్నిటికంటె చెడ్డదానికిని గల తారతమ్యమును చెప్పును. 97 శాతము నిలిచిననే ఉత్తీర్ణత. మన పరీక్షలలో 35 మార్కులతో గట్టెక్కు పిల్లలు దీనిని గమనింతురు గాక!

మొయినాబాదులో గది వేడిమి 24 డిగ్రీలు; గ్రాఫిక్స్ చిప్పు 140 వాట్లు తీసికొని 78 డిగ్రీల యొద్ద నిలిచెను. సెకనుకు 102 చిత్రములు. పిల్లవాని ముఖము వికసించెను. చేవెళ్ళలో గది వేడిమి 38 డిగ్రీలు. మొదటి రెండు ఆవృత్తులలో 102 చిత్రములే వచ్చెను. పిమ్మట ఫ్యాన్లు ఈలవేయ నారంభించెను. చిప్పు 86 డిగ్రీలకు చేరెను. వాట్లు తమంతట తామే 125కు దిగెను. ఇరువదవ ఆవృత్తికి చిత్రములు 95. ఫలితము 93 శాతము, అనగా అనుత్తీర్ణము.

వాట్లు 125కే ఎందుకు దిగవలెను? లెక్క వేయుడు. ఉదయమున చిప్పు వేడిమి గది వేడిమికంటె 54 డిగ్రీలు అధికము. ఆ 54 డిగ్రీల అంతరముతో 140 వాట్లు బయటికి పోయినవి. ఫ్యాన్లు అవియే, గొట్టములు అవియే కనుక, బయటికి పోవు వేడి అంతరమునకు అనులోమముగా నుండును. చేవెళ్ళలో 140 వాట్లే పోవలెనన్నచో చిప్పు 38కి 54 కలిపి 92 డిగ్రీలకు ఎక్కవలెను. కాని ఈ చిప్పు 87 డిగ్రీలకు మించనీయదు. 86 డిగ్రీల యొద్ద అంతరము 48 మాత్రమే. 140ని 48తో గుణించి 54తో భాగించిన 124 చిల్లర వచ్చును. పిల్లవాడు ఈ లెక్కను తానే నల్లబల్లపై చేసి, యంత్రము చూపిన అంకెతో సరిపోవుట చూచి, కొంతసేపు మాటలాడలేదు.

తండ్రి మంచి ప్రశ్న వేసెను. మట్టికుండలోని నీరు గదికంటె చల్లగా నుండును గదా, ఇందులోను నీరే యున్నదని చెప్పిరి, మఱి ఇది ఏల చల్లబడదు? ల్యాప్‌టాప్‌లో చిప్పుపై నుండి అంచువఱకు పోవు రాగి గొట్టములో నిజముగా కొంచెము నీరు కలదు. వేడి తగిలినచోట అది ఆవిరియై, చల్లని కొసకు పోయి, మఱల నీరై, లోపలి వత్తివంటి పొరగుండ వెనుకకు వచ్చును. 1963లో అమెరికాయందలి లాస్ అలమోస్‌లో జార్జి గ్రోవర్ దీనిని చేసి చూపెను. అంతకు పూర్వము 1944లోనే ఆర్.ఎస్. గాగ్లర్ ఇట్టి యుపాయమునకు పేటెంటు పొందియుండెను. కుండలో ఆవిరి తన వేడితో బయటికే పోవును. అందుచేతనే కుండ గదికంటె చల్లనగును. గొట్టములో ఆవిరి ఎచ్చటికిని పోలేదు. వేడిని ఒక కొసనుండి మఱియొక కొసకు మోయుటయే దాని పని. ఆ కొసయొద్ద వేడిని తీసికొనవలసినది ఫ్యాను గాలియే. ఆ గాలి గదిలోనిదే. కనుక ఎంత వెలపోసి కొన్న ఫ్యానైనను చిప్పును గది గాలికంటె చల్లబఱుపజాలదు.

పరీక్ష ముగిసినపిదప గాలి తీయు రంధ్రములలో టార్చిలైటు వేసి చూచితిమి. పలుచని రాగి రేకుల నడుమ బూడిదరంగు దూది పేరుకొని యుండెను. మన ఎఱ్ఱమట్టి దుమ్ము, చేలలోని పత్తినూగు కలిసి అచ్చట చాపవలె అల్లుకొనును. యంత్రము ఆపి, వెనుక మూత విప్పి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో తీసివేసితిమి. తరువాతి శనివారము అదే 38 డిగ్రీల వేడిమిలో 134 వాట్లును, 99 చిత్రములును వచ్చెను. 97 శాతము, ఉత్తీర్ణము! ఒక కుంచె వెల ఎంతయో మీరు ఎఱుగుదురు.

తెరను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఆ కాగితమున 240 హెర్ట్జ్ అని యుండెను. అనగా 4.2 మిల్లీసెకన్లకు ఒకమాఱు తెర కొత్త చిత్రమును చూపగలదు. సాధారణమైన 60 హెర్ట్జ్ తెరకు 16.7 మిల్లీసెకన్లు పట్టును. కాని చిప్పు సెకనుకు 95 చిత్రములే చేయుచుండగా 240 చూపుటకు తెరకు దొరకునదేది? చుక్కల లెక్కయు ఇట్టిదే. 2560కి 1600 చుక్కల తెర, 1920కి 1080 తెరకంటె ఇంచుమించు రెండింతల పని చిప్పునకు పెట్టును. వెలుగును మాత్రము వసారాలో కూర్చుండి చూడవలెను. 300 నిట్ల తెర మన మధ్యాహ్నపు వెలుతురులో అద్దమై మన ముఖమునే చూపును. 500 ఉన్న మేలు. బొమ్మలు చేయువానికి హెర్ట్జ్‌కంటె రంగుల నిజాయితీ ముఖ్యమని నా యభిప్రాయము.

కరెంటు పోయినప్పటి సంగతి. విమాన ప్రయాణ నిబంధనలలోని 100 వాట్-గంటల పరిమితికి లోబడి, తయారుచేయువారు బ్యాటరీని 99 దగ్గఱనే ఆపుదురు. 200 వాట్లు త్రాగు యంత్రమునకు అది అరగంటయే. అందుకే ప్లగ్గు తీయగానే యంత్రము తన వేగమును తానే తగ్గించుకొనును. చార్జర్ 330 వాట్లదైనచో ఇంటి ఇన్వర్టర్ దానిని మోయునో లేదో ముందే విచారింపవలెను.

తండ్రి తుదకు ఆ యంత్రమును కొనలేదు. ఒక మెట్టు తక్కువ చిప్పు గల, మందమైన పెట్టె గల మఱియొకదానిని, సుమారు అరువది వేలు తక్కువకు కొనెను. పెద్ద చిప్పు తక్కువ వాట్లతోను కొంత మేలుగానే పనిచేయునని నేను దాచక చెప్పితిని. ఆ మేలు అరువది వేలంత లేదనియు చెప్పితిని. మిగిలిన సొమ్ము తోటలో డ్రిప్పు పైపులకు పోయినది.

జూన్‌లో బడి తెఱచినపిదప పిల్లవాడు తన మొదటి బొమ్మను తెచ్చి చూపెను. చేవెళ్ళ దారిలోని మఱ్ఱిచెట్టు. ఊడలు చక్కగా కుదిరినవి గాని ఆకులు మఱీ పలుచగా నుండెను. ఏమిరా ఇది అని యడిగితిని. "ఆకులెక్కువ పెడితే ఫ్యాను మొత్తుకుంటది సారూ, వానలు పడ్డంక పెడత" అనెను.