ఒకసారికి ఒక్క నాబ్!

పైడితల్లి సిరిమాను పండక్కి విజయనగరంలో ఆర్కెస్ట్రా. ఒళ్లో స్టీల్ గిటార్, పక్కన యాంప్. తీగ మీటారు. డబ్బా సౌండు! చెయ్యి ట్రెబుల్ మీదకి పోతుంది. తర్వాత బాస్. ఆ తర్వాత వాల్యూమ్. పాట మొదలయ్యేలోపు అన్ని నాబ్‌లూ తిరిగిపోయాయి. ఏది తిప్పితే ఏమైందో మీకే గుర్తులేదు.

ఈ కంగారు ఒక అలవాటు. ఈ వారమే దీన్ని మార్చేద్దాం.

రూల్ ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పు. మార్చండి, వినండి, రాసుకోండి. నచ్చకపోతే పాత చోటికే తిప్పేయండి.

చిన్నపిల్లల పాఠంలా ఉందా? బొబ్బిలి పక్కన గొల్లపల్లికి ఒకసారి వెళ్లి రండి. ఒకే పనస దుంగ నుంచి వీణ చెక్కే ఊరది. వీణ మీద 24 మెట్లుంటాయి. వాటిని మైనం మీద నిలబెట్టి మేళం కడతారు. ఒక్కో మెట్టునీ జరుపుతూ, తీగ మీటి వింటూ, చెవి ఒప్పుకున్నాకే తర్వాతి మెట్టుకి వెళ్తారు. మీ యాంప్ మీద ఉన్నవి ఆరేడు నాబ్‌లే!

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

"మంచి టోన్ కావాలండి" అంటే రిపేర్ షాపులో ఎవరికీ ఏమీ అర్థం కాదు. "పైస్థాయిలో చెవి గుచ్చుకుంటోంది", "లావు తీగ మోగితే గుర్రుమంటోంది", "బ్యాండ్ మొదలయ్యాక నేను వినబడట్లేదు" అని చెప్పండి. గోల్ అంత క్లియర్‌గా ఉండాలి.

1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ సంగతే చూడండి. మామూలు మాండలిన్‌కి జంట జంటగా ఎనిమిది తీగలు. ఆయనకి కావలసింది గమకం. జంట తీగల మీద అది సాఫీగా పలకదు, నాదం కూడా త్వరగా ఆరిపోతుంది. అందుకే జంటలు తీసేసి విడి తీగలు వేసుకున్నారు. మంద్రం కోసం ఐదో తీగ చేర్చారు. ఎలక్ట్రిక్ వాద్యం పట్టుకున్నారు. కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కి చోటు దొరికింది. ప్రతి మార్పుకీ వెనక ఒక కారణం ఉంది. మీ మార్పుకి కారణం ఏమిటి? జవాబు రాకపోతే స్క్రూడ్రైవర్ కింద పెట్టేయండి.

మొదటి యాంప్ మీ చెయ్యి

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ వయొలిన్ నునుపు గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నునుపు కమాను పట్టిన చేతిది. ఏ నాబూ దాన్ని ఇవ్వలేదు.

కాబట్టి వారం పాటు నాబ్‌లన్నీ సగంలో పెట్టి వదిలేయండి. చేతులనే మార్చండి. బ్రిడ్జి దగ్గర మీటితే పదును, అక్కడి నుంచి ముందుకి జరిగితే మెత్తదనం. స్టీల్ బార్‌ని మరీ నొక్కుతున్నారా? నొక్కితే తీగ శ్రుతి మించుతుంది, వదులుగా పెడితే గరగరమంటుంది. బార్ వెనక వేళ్లు ఆనించి ఉంచండి, అనవసరమైన మోత పోతుంది. రోజూ ఫోన్‌లో ఒక నిమిషం రికార్డ్ చేసి మర్నాడు పొద్దున్నే వినండి. రాత్రి విన్న చెవి మనల్ని బాగా మెచ్చుకుంటుంది, దాన్ని నమ్మొద్దు!

ఇక యాంప్ దగ్గరికి రండి

తీగ నుంచి స్పీకర్ వైపుగా వెళ్లండి, ఎదురు రావద్దు.

పికప్ ఎత్తు. స్క్రూ అర చుట్టు తిప్పి వినండి. మరీ దగ్గరైతే మోటు, మరీ దూరమైతే నీరసం.

కేబుల్. అనవసరంగా పొడవైన కేబుల్ ట్రెబుల్‌ని తినేస్తుంది. గరగరలాడే జాక్‌ని ఈరోజే మార్చండి.

ఈక్వలైజర్. పెంచే ముందు తగ్గించి చూడండి. బాస్ తగ్గితే చాలాసార్లు స్పష్టత దానంతట అదే వస్తుంది. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మిడ్ తగ్గించిన సౌండు పాకంలా ఉంటుంది. తబలా, కీబోర్డు, కోరస్ కలవగానే మీరు మాయం! ఫైనల్ సెట్టింగ్ బ్యాండ్‌తోనే చేసుకోండి.

వీణకి కాంటాక్ట్ మైక్ (పీజో) పెట్టేవాళ్లకో మాట. పీజో మైక్‌ని నేరుగా మైక్ సెట్ వాళ్ల మిక్సర్‌కి గుచ్చితే సౌండు రేకు మీద కొట్టినట్టు వస్తుంది. వీణని తిట్టకండి. పీజోకి 1 మెగాఓమ్ స్థాయి ఇన్‌పుట్ ఇంపీడెన్స్ కావాలి, మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో ఉండేది కొన్ని కిలోఓమ్‌లే. ఉదాహరణకి 15 నానోఫారడ్ పీజోని 10 కిలోఓమ్‌లకి కలిపితే సుమారు 1,000 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పలచబడిపోతుంది. అంటే మంద్రమంతా గాలికే. మధ్యలో చిన్న బఫర్ ప్రీయాంప్ పెట్టండి. ఖర్చుకి తగ్గ ఫలితం ఇంతగా ఇచ్చే మార్పు నాకు ఇంకోటి తెలియదు.

స్పీకర్ చివర్లో. పెడల్ స్టీల్ వాయించే చాలామందికి 15 అంగుళాల స్పీకర్ ఇష్టం, నిండుతనం కోసం. కొనే ముందు ఓమ్‌లు చూడండి. కనీసం 8 ఓమ్‌లు అని రాసి ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌కి 4 తగిలిస్తే వేడెక్కి చచ్చిపోతుంది. వాల్వ్ యాంప్‌నైతే స్పీకర్ లేకుండా ఆన్ చేయనే వద్దు.

యాంప్‌తో ఈ పని స్టీల్ గిటార్ వాళ్లకి కొత్తేమీ కాదు. 1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బ్యాకర్ 'ఫ్రైయింగ్ పాన్' ఒళ్లో పెట్టుకుని వాయించేదే. ఎలక్ట్రిక్ గిటార్ల బజారుని తెరిచిందే అది. మీరు ఆ గిటార్‌కి వారసులు!

ఇప్పుడు నోట్‌బుక్ తెరవండి. మూడు గడులు చాలు:

- ఏం మార్చాను
- ఏం విన్నాను
- ఉంచానా, తీసేశానా

ఇక్కడ మాత్రం చెయ్యి పెట్టొద్దు

యాంప్ డబ్బా విప్పాలని మనసు లాగుతుంది. వాల్వ్ యాంప్‌లో వందల వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లు ఆ చార్జిని పట్టుకునే ఉంటాయి. ఆ పని తెలిసిన టెక్నీషియన్ చేత చేయించండి, పక్కన కూర్చుని మీ నోట్‌బుక్ చూపించండి. మీరు రాసుకొచ్చింది చూస్తే ఆయన పని సగం తగ్గుతుంది.

స్టేజి మీద హమ్ వస్తే "ఎర్త్ పిన్ తీసేయండన్నా, పోతుంది" అని ఎవరో ఒకరు అంటారు. హమ్ పోవచ్చు. మీరూ పోవచ్చు! మీ వేళ్లు ఇనుప తీగల మీద, ముందు మైకు. గట్టిగా వద్దని చెప్పండి. లైట్ల లైన్ కాకుండా వేరే పాయింట్ అడగండి. వాద్యాలన్నిటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకోండి. కేబుల్‌ని లైట్ల డిమ్మర్‌కి దూరంగా లాగండి. వీటిలోనూ ఒకసారికి ఒక్కటే చేసి, వినండి.