ఏ పుస్తకం మేలు? చదరంగం కంప్యూటర్లు నేర్పే పాఠం

చదరంగం ఆడేవాళ్ళను ఎవరినైనా అడిగి చూడండి. ఆటలో ఏ దశ కష్టం అంటే చాలామంది మొదటి దశనే చెబుతారు. అప్పుడు బల్ల నిండా పావులుంటాయి. ఇప్పుడు వేసిన ఎత్తు మంచిదో చెడ్డదో ఎప్పటికోగాని తేలదు. కంప్యూటరుకు కూడా ఇదే చిక్కు. ఆ చిక్కు తీర్చడానికి దానికి ఒక పుస్తకం ఇస్తారు. రెండు పుస్తకాలుంటే వాటిలో ఏది మేలో ఎలా తేల్చాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే చదరంగం ఒక్కటే కాదు, విజ్ఞానశాస్త్రంలో పోలిక అనేది ఎలా చేయాలో కూడా తెలుస్తుంది.

పుస్తకం ఎందుకు?

ముందు చిన్న లెక్క చేద్దాం. తెల్లపావులవారు మొదటి ఎత్తును ఎన్ని విధాలుగా వేయవచ్చు? ఎనిమిది బంట్లలో ఒక్కొక్కటి ఒక గడిగాని, రెండు గళ్ళుగాని జరగవచ్చు. అవి 16. రెండు గుర్రాలకు చెరి రెండు దార్లు. అవి 4. మొత్తం 20. నల్లపావులవారికీ అలాగే 20 జవాబులు. కనుక చెరొక ఎత్తు వేసేసరికి ఆట 20 × 20 = 400 విధాలుగా సాగి ఉండవచ్చు. చెరి రెండు ఎత్తులు అయ్యేసరికి ఈ సంఖ్య 1,97,281కి చేరుతుంది. చెరి మూడు ఎత్తులకు 11,90,60,324! ఇంకా ఆట మొదలైనట్టే లేదు.

ఇన్ని దారులనూ చివరిదాకా నడిచి చూడటం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అందుచేత చదరంగం ఆడే ప్రోగ్రాము, అంటే ఇంజను, కొంత దూరం మాత్రమే చూసి, అక్కడ కనబడే పరిస్థితిని బట్టి అంచనా వేస్తుంది. కాని ఆట మొదట్లో మనుషులు వందల ఏళ్ళుగా ఆడి, ఓడి, గెలిచి కూడబెట్టిన అనుభవం ఉంది కదా! దాన్ని ముందుగానే రాసి ఇస్తే ఇంజనుకు శ్రమ తగ్గుతుంది, గడియారంలో సమయమూ మిగులుతుంది. ఇలా రాసి ఇచ్చినదే ఓపెనింగ్ బుక్, అంటే ప్రారంభపు ఎత్తుల పుస్తకం. అందులో ఉన్నంతవరకు ఇంజను ఆలోచించదు, చూసి వేస్తుంది. పుస్తకం అయిపోయిన క్షణం నుంచి సొంత బుర్ర ఉపయోగించాలి.

ఆ పుస్తకంలో ఏముంటుంది?

మన పుస్తకాల్లోలాగా అందులో పేజీలు, పాఠాలు ఉండవు. బల్లమీద పావులు ఇలా ఉంటే ఈ ఎత్తు వేయి అనే వరుసలుంటాయి. ఇక్కడ ఒక మెలకువ ఉంది. తెల్లపావులవారు ముందు కుడి గుర్రాన్ని, తర్వాత ఎడమ గుర్రాన్ని కదిపారనుకోండి. లేదా ముందు ఎడమది, తర్వాత కుడిది కదిపారనుకోండి. ఈలోగా ఎదుటివారు అవే రెండు ఎత్తులు వేస్తే చివరకు బల్ల ఒకేలా ఉంటుంది. వచ్చిన దారి వేరు, చేరిన చోటు ఒకటే. కాబట్టి పుస్తకాన్ని ఎత్తుల వరుసను బట్టి కాక, బల్ల స్థితిని బట్టి రాయడం మేలు.

ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క గుర్తుసంఖ్య ఇవ్వడానికి 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త చక్కని ఉపాయం వివరించాడు. పావుల రకాలు రెండు రంగుల్లోనూ కలిపి 12, గళ్ళు 64. గుణిస్తే 768. ఏ పావు ఏ గడిలో ఉంటే ఏ సంఖ్యో ముందే 768 పెద్ద సంఖ్యలను చీట్లు తీసినట్టుగా ఎంచి పెట్టుకుంటారు. ఆడే వంతు ఎవరిది వంటి వివరాలకు మరికొన్ని సంఖ్యలు ఉంటాయి. బల్లమీద ఉన్నవాటి సంఖ్యలను ఒక పద్ధతిలో కలిపితే ఆ స్థితి గుర్తుసంఖ్య వస్తుంది. పాలీగ్లాట్ అనే పేరుగల పుస్తకాల్లో ఒక్కొక్క వరుసకు 16 బైట్ల చోటు చాలు. అందులో 8 బైట్లు గుర్తుసంఖ్యకు, 2 ఎత్తుకు, 2 ఆ ఎత్తుకు ఎంత మొగ్గు చూపాలో తెలిపే 'బరువు'కు, మిగిలిన 4 ఇతర వివరాలకు.

బరువు ఎలా కట్టాలి?

పుస్తకాలు రెండు విధాలుగా తయారవుతాయి. నిపుణుడు ఒక్కొక్క ఎత్తును పరిశీలించి చేత్తో కూర్చినవి ఒక రకం. లక్షల ఆటలను కంప్యూటరుకు చదివించి, లెక్క కట్టించినవి రెండో రకం. రెండో రకం సులువుగా పెద్దదవుతుంది. కాని ఒక చిక్కు చూడండి.

ఒక స్థితిలో మొదటి ఎత్తును 3 ఆటల్లో వేశారు, మూడూ గెలిచారు అనుకుందాం. రెండో ఎత్తును 1,000 ఆటల్లో వేశారు. 350 గెలిచారు, 400 డ్రా అయ్యాయి, 250 ఓడారు. గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున లెక్కిస్తే మొదటి ఎత్తుకు నూటికి నూరు, రెండో ఎత్తుకు నూటికి 55. శాతం ఒక్కటే చూస్తే మొదటిదే గొప్పది. కాని మూడే మూడు ఆటల సాక్ష్యాన్ని నమ్మగలమా? ఆ మూడు గెలుపులూ ఎదుటివాడు నలభయ్యో ఎత్తులో పొరబడటంవల్ల వచ్చినవి కావచ్చు. ఆ ఘనతను మొదటి ఎత్తుకు ఎలా కడతాం?

పోనీ గెలుపుకు 2, డ్రాకు 1 చొప్పున కూడితే? మొదటిదానికి 6, రెండోదానికి 1,100 బరువు వస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది వేసినదే మంచిదైపోతుంది. కొత్తగా కనిపెట్టిన మంచి ఎత్తు మూలన పడుతుంది. చూశారా, ఆటలు అవే, లెక్క కట్టే తీరు మారితే పుస్తకమే మారిపోయింది.

ఒకే యంత్రంలో రెండు పుస్తకాలు

1997 మే నెలలో న్యూయార్కు నగరంలో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ యంత్రం నాటి ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌తో ఆరు ఆటలు ఆడింది. అది సెకనుకు 20 కోట్ల స్థితుల దాకా పరిశీలించగలిగేది. అయినా దానికీ పుస్తకం కావలసివచ్చింది. ఒకటి కాదు, రెండు. మొదటిది గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్, మరికొందరు గ్రాండ్‌మాస్టర్ల సాయంతో, చేత్తో కూర్చినది. అందులో ఉన్నవి సుమారు 4,000 స్థితులే. కాని ప్రతిదాన్నీ యంత్రంచేత రాత్రంతా పరిశీలింపజేశారు. రెండోది దాదాపు 7,00,000 ఆటలనుంచి యంత్రమే లెక్కకట్టినది. చిన్న పుస్తకం మాట ఆజ్ఞ, పెద్ద పుస్తకం మాట సలహా. సలహాను ఇంజను తన అంచనాతో కలిపి తూచుకునేది.

మూడో ఆటలో కాస్పరోవ్ మంత్రి ముందరి బంటును ఒక్క గడి మాత్రమే జరిపి ఆట మొదలుపెట్టాడు. గొప్ప ఆటగాళ్ళు అరుదుగా వేసే ఎత్తు అది. యంత్రాన్ని పుస్తకం దారినుంచి తప్పించాలని అతని ఎత్తుగడ. ఆ ఆట డ్రా అయింది. మే 11న జరిగిన ఆరో ఆటలో కథ తిరగబడింది. నల్లపావులతో ఆడుతున్న కాస్పరోవ్ ఏడో ఎత్తుగా ఏనుగు ముందరి బంటును ఒక గడి జరిపాడు. వెంటనే డీప్ బ్లూ తన గుర్రంతో ఒక బంటును కొట్టి, ఆ గుర్రాన్ని బలి ఇచ్చింది. ఆ ఎత్తు పుస్తకంలోదే! 19 ఎత్తులకే కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. 3½–2½ తేడాతో యంత్రం గెలిచింది.

అయితే చిన్న పుస్తకమే మేలని దీనివల్ల రుజువైందా? తొందరపడకండి. ఒక్క ఆట ఒక్క ఆటే. ఆ గెలుపులో పుస్తకం పాలు ఎంత, యంత్రబలం పాలు ఎంత, ఆరోజు కాస్పరోవ్ మనఃస్థితి పాలు ఎంత? ఒక్క ఆటనుంచి విడదీయలేం. విడదీయాలంటే ప్రయోగం చేయాలి.

ప్రయోగం ఎలా చేయాలి?

రెండు రకాల వరి విత్తనాలను పోల్చదలచిన రైతును తలచుకోండి. ఒక రకాన్ని కాలవకింద నల్లరేగడిలోనూ, రెండోదాన్ని మెట్టమీద చెలకలోనూ చల్లి, పంట తూచి చూస్తే ఏం తెలుస్తుంది? నేలల తేడా తెలుస్తుందిగాని విత్తనాల తేడా తెలియదు. నేల, నీరు, ఎరువు సమానంగా ఉంచి, విత్తనం ఒక్కటే మార్చాలి. పుస్తకాల విషయంలోనూ అంతే.

మొదటిది, రెండువైపులా ఒకే ఇంజను ఉండాలి. కంప్యూటరు, ఆలోచించే గడువు కూడా సమానంగా ఉండాలి. తేడా పుస్తకంలోనే ఉండాలి.

రెండోది, రంగులు మార్చుకుంటూ ఆడించాలి. మొదటి ఎత్తు వేసే తెల్లపావులకు సహజంగానే కొంత మొగ్గు ఉంటుంది. ఎప్పుడూ ఒక పుస్తకానికే తెలుపు ఇస్తే, మనం కొలిచేది పుస్తకాన్ని కాదు, రంగును.

మూడోది, ఆటలు చాలా ఉండాలి. ఎన్ని? దీనికి నాణెం ఎగరవేత సాయపడుతుంది. రెండు పుస్తకాలూ నిజంగా సమానమైనవనుకోండి. డ్రాలు లేవని కూడా అనుకోండి. అప్పుడు ప్రతి ఆటా బొమ్మా బొరుసా వంటిదే. నూరుసార్లు ఎగరేస్తే సరిగ్గా 50 బొమ్మలే పడవు. ఎంత అటూఇటూ అవుతుందో చెప్పడానికి సులువైన సూత్రం ఉంది. ఎగరేసిన సంఖ్యకు వర్గమూలం తీసి, అందులో సగం తీసుకోండి. 100కు వర్గమూలం 10, సగం 5. దీన్ని ఒక 'అడుగు' అందాం. ఒక అడుగు తేడా మామూలే. రెండడుగులు దాటితే ఆలోచించాలి. మూడడుగులు దాటితే ఏదో కారణం ఉందని గట్టిగా అనుమానించవచ్చు.

ఒక పుస్తకం 100 ఆటల్లో 55 గెలిచింది. అది ఒక్క అడుగే. సమానమైన పుస్తకాలమధ్య కూడా మొదటిదానికి 55 లేక అంతకు మించిన గెలుపులు అయిదారు పోటీలకు ఒకసారి రావచ్చు. అదే పుస్తకం 10,000 ఆటల్లో 5,500 గెలిస్తే? వర్గమూలం 100, అడుగు 50. తేడా 500, అంటే పది అడుగులు! శాతం రెండుచోట్లా 55 ఒకటే. నమ్మకం మాత్రం ఒకటి కాదు. నిజమైన పోటీల్లో డ్రాలు ఉంటాయి కనుక ఈ ఊగిసలాట కొంత తగ్గుతుంది. సూత్రం తీరు మాత్రం అదే.

నాలుగోది, చాలామంది మరిచిపోయేది. ఆటలు వేర్వేరుగా ఉండాలి. పుస్తకం ప్రతిసారీ అదే ఎత్తు ఇచ్చి, ఇంజను ప్రతిసారీ అదే విధంగా లెక్కిస్తే వెయ్యి ఆటలూ ఒకే ఆట నకళ్ళవుతాయి. ఒక్క సాక్షిని వెయ్యిసార్లు పిలిస్తే వెయ్యిమంది సాక్షులవుతారా? అందుకే బరువులను బట్టి ఎత్తులను మార్చి మార్చి ఎంచే ఏర్పాటు ఉంటుంది.

అయిదోది, ఇదే పోటీని మరొక ఇంజనుతోనూ జరపాలి. పుస్తకం ముగిసినచోట మిగిలే స్థితి ఆ ఇంజను తీరుకు సరిపడాలి. దూకుడుగా ఆడే ఇంజనుకు నచ్చిన స్థితి, నెమ్మదిగా ఆడే ఇంజనుకు చిక్కులు తెచ్చిపెట్టవచ్చు. బట్టీపట్టిన జవాబు ఎక్కడ ఆగిపోతుందో, అక్కడినుంచి కొనసాగించే శక్తి విద్యార్థికి ఉండాలి కదా!

తూచేదాన్ని తూచడం

ఇదంతా తిప్పి కూడా ఆలోచించవచ్చు. పుస్తకాలను కాక ఇంజన్లను పోల్చాలంటే? అప్పుడు పుస్తకం సమానంగా ఉంచి, ఇంజను మార్చాలి. స్టాక్‌ఫిష్ అనే ఇంజనులో చేసే ప్రతి చిన్న మార్పునూ 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు ద్వారా వేల ఆటలు ఆడించి పరీక్షిస్తున్నారు. ఇంజన్లు బాగా బలపడ్డాక ఒక విచిత్రం జరిగింది. సమానమైన స్థితినుంచి మొదలుపెడితే దాదాపు అన్నీ డ్రాలే! త్రాసు ముల్లు కదలకపోతే తేడా ఎలా తెలుస్తుంది? అందుచేత కావాలనే ఒక పక్షానికి కాస్త మొగ్గున్న ప్రారంభాలను ఎంచి, ప్రతి ప్రారంభాన్నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తారు. మంచి ఆటగాడికి చెడ్డ పుస్తకం, కొలిచేవాడికి మంచి పుస్తకమయింది! అంటే, ఏ పనికి అని చెప్పకుండా ఏది మేలు అని అడగడంలో అర్థం లేదు.

ఎవరైనా ఈ మందు మంచిది, ఈ ఎరువు మంచిది, ఈ గైడు మంచిది అని చెప్పినప్పుడు మీరు అడగవలసినవి ఇవే: దేనితో పోల్చారు? మిగతావన్నీ సమానంగా ఉంచారా? ఎన్నిసార్లు చూశారు? ఏ పనికి మంచిది?

చేసి చూడండి

ఒక రూపాయి నాణేన్ని 100 సార్లు ఎగరేసి బొమ్మలు లెక్కించండి. తరగతిలో ప్రతి ఒక్కరూ ఇలా చేసి, ఫలితాలను నల్లబల్లమీద వరుసగా రాయండి. 45 నుంచి 55 లోపల ఎందరికి వచ్చాయి? 55కు మించి ఎవరికైనా వస్తే వారి నాణెం 'మంచి నాణెం' అనగలమా? ఇప్పుడు అందరి లెక్కలూ కూడి శాతం కట్టండి. అది 50కి దగ్గరైందా?

ప్రశ్నలు

1. ఒక పుస్తకం 400 ఆటల్లో 216 గెలిచింది, డ్రాలు లేవు. అది సగానికి ఎన్ని అడుగుల దూరం?

2. రెండు పుస్తకాలను రెండు వేర్వేరు ఇంజన్లకు ఇచ్చి పోటీ పెట్టారు. గెలుపునుబట్టి పుస్తకం గొప్పదనగలమా? కారణం రాయండి.

3. బల్ల స్థితిని బట్టి పుస్తకం రాస్తే, ఎత్తుల వరుసను బట్టి రాసినదానికంటే చోటు ఎందుకు కలిసివస్తుంది?