తెనాలికి తిరిగి వెళ్లిపోనా?

ప్రశ్న: 1978లో పెళ్లయి హ్యూస్టన్ వచ్చాను. పిల్లలు స్థిరపడ్డారు. ఆయన పోయారు. గుడి వంటశాలలో, ఆదివారం తెలుగు బడిలో ఇన్నేళ్లూ సేవ చేశాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. నాది అమెరికా పౌరసత్వం. తెనాలి వెళ్లిపోనా?

జవాబు: అమ్మా, 1965 వలస చట్టం తర్వాత అక్కడికి వెళ్లినవాళ్లు గుడినీ బడినీ తామే కట్టుకున్నారు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం 1976లో వెలసింది, ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి మహాసభలు 1977లో జరిగాయి. పిల్లల్ని పెంచుకుంటూనే ఆ పని ముందుకు నడిపింది మీలాంటి తల్లులే.

ఇక తెనాలి సంగతి. విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుంటే ఇక్కడ ఎంతకాలమైనా ఉండొచ్చు, వ్యవసాయ భూమి మాత్రం కొనలేరు. సోషల్ సెక్యూరిటీ పింఛను ఇక్కడున్నా అందుతుంది. చిక్కంతా వైద్యంతోనే. ఇక్కడి ఆసుపత్రి ఖర్చులను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ భరించదు. అలాగని అందులో డాక్టరు ఖర్చులకు ప్రీమియం కట్టే పార్ట్ బి మానేస్తే, మళ్లీ చేరేటప్పుడు మానేసిన ప్రతి పూర్తి ఏడాదికీ 10 శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది. ఆ భారం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అందుకే తొందరపడి ఇల్లు అమ్మకండి. మోకాళ్లకు ఆపరేషన్ అవసరమైతే అక్కడే చేయించుకుని, ఒక శీతకాలం తెనాలిలో ఉండి చూడండి.

వంటశాల వదిలేయండి, బడిని మాత్రం వదలొద్దు. పాఠం కూర్చునీ చెప్పొచ్చు. మనవల కోసం అమెరికా వచ్చి పగలంతా ఇంట్లో ఒంటరిగా గడిపే తల్లిదండ్రులకు మీ ఫోను ఎంతో ఊరట.

ఒక్క పని ఈ నెలలోనే చేయండి. మీరు చెప్పలేని స్థితి వస్తే వైద్య నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో పిల్లలతో మాట్లాడి, చట్టబద్ధంగా కాగితం రాయించండి.