బండి అడిగే ముందు బస్సు అడగండి

ప్రశ్న: నేను బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. మావాడికి నంద్యాలలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. హాస్టల్లో ఉండడంట, రోజూ పోయొస్తాడంట, దానికి బండి కావాలంట. కొనియ్యకుంటే కాలేజీకే పోనని నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. అప్పు చేసైనా తీసియ్యమని వాళ్ళమ్మ పోరు పెడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బేతంచెర్ల

జవాబు: అన్నం మీద అలిగినవాడితో బండి బేరం పెట్టుకోవద్దు. వాడు తిన్నాక ఇద్దరూ ఒక కాగితం ముందేసుకుని కూర్చోండి. కాలేజీలు తెరిచే రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. అందరూ బండి ధర గురించే రాస్తారు, పెట్రోలు లెక్క ఒక్కరూ రాయరు. బేతంచెర్ల నుంచి నంద్యాలకు పోనూ రానూ 70 కిలోమీటర్లు దాటుతుంది. లీటరు 110 రూపాయల దాపున ఉంది. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండైనా రోజుకు లీటరున్నర తాగుతుంది. నెలలో 24 రోజులు పోయొస్తే నాలుగు వేల రూపాయలు పెట్రోలుకే. దాని మీద కంతు, ఆయిలు, టైర్లు, ఇన్సూరెన్సు. ఈ లెక్క మీరు చెప్పొద్దు, వాడి చేతే వేయించండి. ఇంజనీరింగ్ చదవబోయేవాడు ఆ మాత్రం వేయగలడు.

ఇక దారి సంగతి. మీ చేతుల మీదుగా పోయే బండలే ఆ దారిన పోతున్నాయి కాబట్టి మీకు తెలియంది కాదు. బండలు నిలువుగా పేర్చుకుని ట్రాక్టరు పోతుంటుంది. ట్రాలీ వెనక తలుపు దించేసి ఉంటుంది, బండల కొసలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఎర్రగుడ్డ కట్టరు. రిఫ్లెక్టరు ఉన్నా తెల్లదుమ్ము కప్పేసి ఉంటుంది. బైకు మీద కూర్చున్నవాడి రొమ్ముకు సరిగ్గా ఆ ఎత్తు. సాయంత్రం ల్యాబు ముగించుకుని, అలసిపోయి, ఎదుటి లారీ లైట్లు కళ్ళల్లో కొడుతుంటే ఆ ట్రాలీ ఎంత దగ్గరికొచ్చాక కనపడుతుందో మీరే వాడికి చెప్పండి. పాణ్యం దగ్గర 40వ నంబరు హైవే ఎక్కాక అది ఇంకో రకం ప్రమాదం. వారానికొకసారి పోయేవాడు జాగ్రత్తగా పోతాడు. నాలుగేళ్ళు రోజూ పోయేవాడు ఏదో ఒక రోజు తొందరపడతాడు.

బస్సు టైముకు రాదని మీవాడు అంటాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ బస్సు ఎందుకు రావట్లేదో ఎవరైనా పోయి అడిగారా? ఈ మాట నేను ఎన్నిసార్లయినా రాస్తాను: ఒక్కో ఇల్లూ ఒక్కో బండి కొనుక్కుంటూ పోతే బస్సులో ఒక్కో సీటూ ఖాళీ అవుతుంది. సీట్లు ఖాళీగా పోయే ట్రిప్పును డిపోవాళ్ళు ఎన్నాళ్ళు తిప్పుతారు? ఆ ట్రిప్పు పోతే బండి కొనలేని ఇంటి పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుంది. మీ ఊరి నుంచి నంద్యాలకు పోయే పిల్లలు మీవాడొక్కడే కాదు కదా. ఇరవై మంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టి, కాలేజీ టైమ్‌టేబుల్ జెరాక్సు జత చేసి, ప్రిన్సిపాల్ చేత ఒక ముక్క రాయించి డిపో మేనేజరుకు ఇవ్వండి. 'డయల్ యువర్ డీఎం' పెట్టిన రోజు వరసగా ఫోన్లు చేయండి. పిల్లలందరూ స్టూడెంట్ పాసులు తీసుకోండి, ఆ పాసులే మీ తరఫు సాక్ష్యం. కాలేజీ బస్సు మీ దిక్కు వస్తుందేమో కనుక్కోండి. సిమెంట్ నగర్, పాణ్యం మీదుగా రైలు ఉండనే ఉంది. టైము కలిస్తే సీజన్ టికెట్ తీయండి. రైల్లో పుస్తకం తెరవొచ్చు, బండి మీద తెరవలేడు.

ఇవేవీ కుదరకపోతే మొదటి ఏడాది హాస్టలే మేలు. వాడు చెడ్డవాడని నేననడం లేదు. ఎవరినీ అడక్కుండా తనంతట తాను పోయి రావాలని ఆ వయసుకు ఉంటుంది, ఉండాలి కూడా. 'ఫస్టియర్ ఒక్క సబ్జెక్టు పోకుండా ముగించు, లైసెన్సు నువ్వే పోయి తెచ్చుకో, అప్పుడు సెలవుల్లో వాడుకోవడానికి బండి మాట మాట్లాడదాం' అని చెప్పండి. చెప్పాక ఆ మాట మీరూ నిలబెట్టుకోవాలి.

ప్రశ్న: ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. బండి తీసుకపోవచ్చా?

జవాబు: పది పాసై పోతున్నావు, నీకింకా లైసెన్సు వయసే రాలేదు. హాస్టలు, క్లాసు, మెస్సు అన్నీ ఒక్క చోటే. వద్దు.

ప్రశ్న: తల్లికి వందనం కింద 13 వేలు పడ్డాయి. మావాడు ఇంటర్ ఫస్టియర్. అవి డౌన్ పేమెంటు కట్టి బైకు తీసుకుందామనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: వద్దమ్మా. ఆ డబ్బు మీ ఖాతాలో వేసింది వాడి చదువు కోసం. 18 నిండనివాడు బండి నడిపి తప్పు చేస్తే మోటారు వాహనాల చట్టం శిక్ష వేసేది పెద్దవాళ్ళకు. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. 16 ఏళ్ళకే లైసెన్సు ఇస్తారని ఎవరైనా చెబితే, అది 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే. మీరు షోరూములో చూసొచ్చింది అది కాదు. ఇంటర్ రెండేళ్ళకు మంచి సైకిలు కొనివ్వండి, మిగిలింది పుస్తకాలకు ఉంచండి.

ప్రశ్న: మా పల్లె మెయిన్ రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల. డోన్‌లో డిగ్రీ చదువుతున్నా. సాయంత్రం కంప్యూటర్ క్లాసు అయ్యేసరికి చీకటి పడుతుంది. స్కూటరడిగితే, ఆడోళ్ళకు బస్సు ఫ్రీ కదా, నీకెందుకు అంటాడు నాయన. అన్న బండి మాత్రం వాకిట్లో ఉంటుంది. నేనడిగింది తప్పా?

జవాబు: తప్పు కాదు తల్లీ. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బండి నిజంగా అవసరమైంది నీకే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మీకు టికెట్ లేదు, మంచిదే. కానీ ఆ బస్సు నిన్ను క్రాసు దగ్గర దించి వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి ఇంటిదాకా ఉన్న మూడు కిలోమీటర్ల చీకటి గురించి మీ నాయన ఆలోచించలేదు. క్రాసు దాకా బండి, అక్కడ తెలిసినవాళ్ళ అంగడి ముందు పెట్టి డోన్‌కు బస్సు: ఇలా అడుగు. కొత్తది కొననక్కర్లేదు. అన్నకు అది గంటగంటకూ అక్కర్లేదు, కాలేజీ రోజుల్లో నీకిమ్మని నాయన చేతే చెప్పించు. ఎల్ఎల్ఆర్ తీసుకుంటే ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటితే టెస్టుకు పోవచ్చు. బండి నేర్పేది కూడా అన్నే కావాలి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ నీ తలకు సరిపోయేది వేరే కొనుక్కో, అన్నది వదులుగా ఉంటుంది. మీ నాయన కాదంటే ఈ జవాబు చదివి వినిపించు.

ప్రశ్న: బండి నాయన పేరున ఉంటేనేం, నా పేరున ఉంటేనేం?

జవాబు: చాలా తేడా ఉంది. ఇన్సూరెన్సులో బండి యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా యజమానే నడుపుతున్నప్పుడు, లైసెన్సు ఉన్నప్పుడు వర్తిస్తుంది. నాయన పేరున్న బండి నువ్వు నడుపుతూ పడితే ఆ డబ్బు రాదు. లోను కోసం ఆయన పేరే పెట్టాల్సొస్తే, నీ పేరున విడిగా ప్రమాద బీమా తీసుకో. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకు ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా ఈ వారమే కట్టు.

ప్రశ్న: ఆదివారం ముగ్గురం ఒకే బండి మీద యాగంటి, బెలుం గుహలు పోయొస్తాం. ఇంట్లో తిడుతున్నారు.

జవాబు: తిట్టాలి. వెనక ఒక్కరే కూర్చోవాలని చట్టం. ముగ్గురెక్కితే వెయ్యి జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోతుంది. లైసెన్సు లేని స్నేహితుడికి బండి చేతికిచ్చినా బండి ఇచ్చినవాడికి అయిదు వేల జరిమానా.

ప్రశ్న: బెంగళూరులో ఎంసీఏలో చేరుతున్నా. మన నంబరు బండి రైల్లో వేసుకపోవచ్చా?

జవాబు: వేసుకపోవచ్చు. పార్సిల్ ఆఫీసులో ఆర్సీ జెరాక్సు ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, ప్యాకింగ్ చేయించాలి. అయితే వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. నీది రెండేళ్ళ కోర్సు. అంటే ఇక్కడ ఎన్ఓసీ, అక్కడ ట్యాక్సు, నాలుగైదు సార్లు ఆఫీసు చుట్టూ తిరగడం. కాలేజీకి నడిచిపోయేంత దూరంలో గది చూసుకో. బండి ఇంటి దగ్గరే ఉంచు, మీ నాయనకు చేను కాడికి పోవడానికి పనికొస్తుంది.